తప్పు కోడిది కాదు

ఇక్కడ ఇంగ్లండులో నక్కలెక్కువ. అందుకే మా పెరట్లో కోళ్ళగూడు నేలకి రెండడుగుల ఎత్తున కట్టాను. ఎక్కడానికి రెండున్నర అడుగుల నున్నటి చెక్క ఆనించి, పనైపోయిందనుకున్నా. ఒక్క కోడి ఎక్కితే ఒట్టు! చీకటి పడితే గూడు కిందే ముడుచుకునేవి. "వీటికి బుద్ధి లేదు" అని విసుక్కున్నాను. మూడోరాత్రి ఒకదాన్ని నక్క ఎత్తుకుపోయింది.

"మీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళనీ ఇలాగే తిడతారుగా!" అంది మా ఆవిడ. నోరు పెగల్లేదు.

మర్నాడు నాలుగడుగుల చెక్క వేశాను. వాలు ముప్ఫై డిగ్రీలకి దిగింది. కాలు జారకుండా ఐదేసి అంగుళాలకో అడ్డపట్టీ కొట్టాను. రెండు సాయంత్రాలు గింజలు చల్లి ఎక్కించాను, మూడోరోజు వాటంతటవే ఎక్కాయి.

ఎక్కలేకపోయినవాళ్ళని తిట్టేముందు, మనం వేసిన వాలు కొలుచుకోవాలండీ. నేను ఓ కోడి పోయాక కొలిచాను.