పాత ఫ్రిజ్‌తో మీట్ స్మోకర్: వైఫై సంగతి తర్వాత, ముందు లోపలి గోడ చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట ఈ ఫ్రిజ్ గోలేంటి అనుకుంటున్నారా? అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్స్ నన్ను అడుగుతున్న ప్రశ్నే ఇది. మూతపడిన రెస్టారెంట్ నుంచి పాత కమర్షియల్ ఫ్రిజ్ చవగ్గా వస్తోంది, దాన్ని మీట్ స్మోకర్‌గా మార్చి ఒక ఈఎస్‌పీ32 బోర్డు తగిలించి ఫోన్‌లో టెంపరేచర్ గ్రాఫ్ చూసుకుంటే ఎలా ఉంటుంది?

ఐడియా అదిరింది. కానీ చాలామంది చివరి నుంచి మొదలుపెడుతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ ప్రాజెక్ట్‌లో యాప్ ఆఖరి పని. మొదటి పని ఆ ఫ్రిజ్ గోడ దేనితో చేశారో తెలుసుకోవడం. అది తెలియకుండా డ్రిల్ మెషిన్ ముట్టుకోవద్దు.

అసలు ఫ్రిజ్జే ఎందుకు?

ఇన్సులేషన్‌కి చలి, వేడి అన్న తేడా లేదు. బయటి వేడిని లోపలికి రానివ్వని గోడే లోపలి వేడిని బయటికి పోనివ్వదు. హాట్ స్మోకింగ్‌కి సుమారు 107 నుంచి 121 డిగ్రీల సెల్సియస్ వేడి గంటల తరబడి నిలకడగా ఉండాలి. పెద్ద బ్రిస్కెట్ ముక్కకి 10, 12 గంటలు మామూలే. పల్చటి రేకు డబ్బాలో గాలి వీచినప్పుడల్లా వేడి పడిపోతుంది, ఇన్సులేషన్ ఉన్న బాడీలో ఆ ఊగిసలాట తక్కువ. పైగా అరలు, గట్టి తలుపు ముందే ఉంటాయి.

ఏ ఫ్రిజ్ ఓకే, ఏది నాట్ ఓకే?

అమెరికాలో ఈ పని చేసేవాళ్లు 1950ల నాటి ఫ్రిజ్‌ల కోసం వెతుకుతారు. పాతదనం మీద మోజు ఒక్కటే కాదు కారణం. వాటిలో చాలావాటికి లోపల ఎనామిల్ పూత వేసిన స్టీలు, గోడల మధ్య ఫైబర్‌గ్లాస్ ఉంటాయి. రెండూ వేడిని తట్టుకుంటాయి.

తర్వాత వచ్చిన ఇంటి ఫ్రిజ్‌ల్లో లోపలంతా ప్లాస్టిక్. అది 100 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడుతుంది. అలాంటిదాన్ని ఇన్సులేషన్‌తో సహా వదిలేయండి, బేరం కూడా ఆడొద్దు.

కమర్షియల్ ఫ్రిజ్ దగ్గరే అసలు చిక్కు. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు తళతళలాడుతుంది, చూడగానే 'ఇదే కావాలి' అనిపిస్తుంది. కానీ ఆ స్టీలు వెనకాల సాధారణంగా ఉండేది పాలీయురేథేన్ ఫోమ్. అది అంటుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. అందుకే నా దృష్టిలో దారులు రెండే. ఒకటి, ప్యానెల్ విప్పి ఫోమ్ మొత్తం తీసేసి మినరల్ ఊల్ నింపడం. రెండు, పొగ బయట వేరే పెట్టెలో పుట్టించి, చల్లబడ్డాక పైపులో లోపలికి పంపి, 30 డిగ్రీల లోపు కోల్డ్ స్మోకింగ్‌తో సరిపెట్టుకోవడం. కోల్డ్ స్మోకింగ్‌లో మాంసం ఉడకదు, బ్యాక్టీరియా చావదు. కాబట్టి కొత్తవాళ్లు చీజ్, ఉప్పు, ఎండుమిర్చితో ఆగిపోవడం మంచిది.

పాత అరల మీద కాడ్మియం పూత ఉండొచ్చు, జింక్ పూత ఉన్నవీ వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు అరలు కొనండి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు లాంటి గాస్కెట్ కూడా మామూలుగా పీవీసీయే, దాని బదులు వేడిని తట్టుకునేది వేయాలి. కింద గాలి వచ్చే దారి, పైన పొగ పోయే దారి తప్పనిసరి. పొగ లోపలే నిలిచిపోతే మాంసం మీద చేదు మసి పేరుకుంటుంది.

గ్యాస్, లాచ్

గ్రైండర్‌తో పైపులు కోసేయడం వీడియోల్లో భలే సరదాగా కనిపిస్తుంది. పాత ఫ్రిజ్‌లో ఓజోన్ పొరని దెబ్బతీసే ఆర్12 ఉండొచ్చు, కొత్తవాటిలో ప్రొపేన్ ఉండొచ్చు. ప్రొపేన్ దగ్గర నిప్పురవ్వ పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆర్12 లాంటివాటిని గాల్లోకి వదలడం అమెరికాలో 1992 నుంచి చట్టవిరుద్ధం. సర్టిఫైడ్ టెక్నీషియన్‌తో గ్యాస్ తీయించండి.

పాత ఫ్రిజ్ తలుపు గడియ బయటినుంచే తెరుచుకుంటుంది. పారేసిన ఫ్రిజ్‌ల్లో పిల్లలు ఇరుక్కుని చనిపోవడం వల్లే అమెరికా 1956లో లోపలి నుంచి కూడా తలుపు తెరుచుకోవాలని చట్టం చేసింది. మీరు తెచ్చుకునేదానికి అలాంటి గడియ ఉంటే ఇంటికి రాగానే ఆ లాచ్ పీకేయండి.

ఇప్పుడు మనకి ఇష్టమైన పార్ట్

పీఐడీ కంట్రోలర్, కే-టైప్ సెన్సర్, సాలిడ్ స్టేట్ రిలే, 1500 వాట్ల ఎలిమెంట్. ఇదీ సాధారణ సెటప్. 120 వోల్టుల మీద ఆ ఎలిమెంట్ 12.5 ఆంపియర్లు లాగుతుంది, సన్నని ఎక్స్‌టెన్షన్ వైర్‌తో ఆటలొద్దు. బాడీ మొత్తం మెటల్ కాబట్టి ఎర్తింగ్ లేకుండా ఆన్ చేయనే చేయొద్దు.

సాలిడ్ స్టేట్ రిలే పాడైతే చాలాసార్లు 'ఆన్'లోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు మీ కోడ్ 'ఆపు' అన్నా హీటర్ ఆగదు. టెంపరేచర్ 150 దాటిందని యాప్ నోటిఫికేషన్ పంపుతుంది, అంతే. మీరు ఆఫీసులో కూర్చుని చూస్తూ ఉండాల్సిందే. అందుకే కంట్రోలర్‌తో సంబంధం లేకుండా, వేడి హద్దు దాటగానే కరెంట్ కట్ చేసే థర్మల్ కటాఫ్ ఒకటి విడిగా ఉండాలి. వైఫై మాడ్యూల్ కంటే ముందు కొనాల్సింది అదే.

రెండు ప్రోబ్‌లు పెట్టండి, ఒకటి అర దగ్గర, ఇంకోటి మాంసం మధ్యలో. యూఎస్‌డీఏ లెక్క ప్రకారం చికెన్ లోపల 74 డిగ్రీలు చేరాలి. రంగు చూసి ఉడికిందనుకోవడం కుదరదు. ఇక గ్యారేజ్‌లో షట్టర్ తీసి ఉంచినా సరే, లోపల మాత్రం వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మన ఊళ్లో సంగతి?

హైదరాబాద్, విజయవాడ ఫ్రెండ్స్‌కి సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి ఎక్కువగా కూల్‌డ్రింక్ షాపుల గ్లాస్ డోర్ కూలర్లు. లోపల ప్లాస్టిక్, గోడల్లో ఫోమ్ ఉన్నవి కొనొద్దు. ఇనుప డ్రమ్ముతో చేసిన స్మోకర్ వాటికంటే వంద రెట్లు నయం.

ఫైనల్‌గా

ఇంత తలనొప్పి ఎందుకు, రెడీమేడ్ పెల్లెట్ గ్రిల్ కొనేస్తే పోలా అంటారా? వీకెండ్‌కి బిర్యానీ పక్కన స్మోక్డ్ చికెన్ ఉంటే చాలు అనుకునేవాళ్లకి అదే కరెక్ట్. కానీ కంట్రోల్ లూప్ ఎలా పనిచేస్తుందో చేత్తో తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ప్రాజెక్ట్ దొరకదు. నా ఆర్డర్ మాత్రం ఇదే: గోడ, గ్యాస్, గాలి, కటాఫ్, ఆ తర్వాతే యాప్. మొదటి నాలుగూ సరిగ్గా ఉంటే యాప్ లేకపోయినా మాంసం బాగుంటుంది.