వెలుతురు వేసిన ముడి

“మూడేళ్లకి ఎలాగూ వెళ్లిపోతాం కదా టీచర్, ఇక్కడివాళ్లతో అంత స్నేహం ఎందుకు? ఈ ఊళ్లో తెలుగుతో ఏం పని?” బదిలీ ఉద్యోగుల పిల్లల నోట ఈ మాట నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ విన్నాను. ఈ ద్వీపాల్లోనూ వింటున్నాను. ఉన్న కాలం చాలదన్నదే ఈ వాదన. నేను దీన్ని ఒప్పుకోను. నా తరఫున సాక్ష్యం చెప్పడానికి సముద్రం అడుగున పడి ఉన్న ఒక తీగను పిలుస్తాను.

చెన్నై నుంచి శ్రీ విజయపురం వరకూ, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్ వరకూ, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వంటి ద్వీపాలకూ సుమారు 2300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేశారు. 2018 డిసెంబర్ 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న కేబుల్ ప్రారంభమైంది. అంతకు ముందు ఇక్కడి ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. మనం పలికిన మాట 36 వేల కిలోమీటర్లు పైకి వెళ్లి, మళ్లీ అంత దూరమూ కిందికి దిగి రావాలి. ఇప్పుడు అదే మాట గాజు దారం లోపల వెలుతురై పరుగెత్తుతోంది.

ఆ దారం ఎంత సన్నమో తెలుసా? మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. తయారైన మరుక్షణం నుంచే దానికి ప్రమాదం పొంచి ఉంటుంది. దుమ్ము గీరినా, తేమ తగిలినా కంటికి కనబడని పగులు పుట్టి, దారం పుటుక్కున తెగుతుంది. అందుకే గాజు చల్లబడగానే దానికి రెండు పొరల పూత వేస్తారు. లోపలి పొర మెత్తన, బయటి పొర గట్టి. అప్పటికి దారం సెకనుకు పదుల మీటర్ల వేగంతో కిందికి దూసుకుపోతూ ఉంటుంది. పూతను ఎండబెడుతూ కూర్చునే తీరిక లేదు. డ్రమ్ముకు చుట్టుకునేలోపే, కన్ను మూసి తెరిచేలోపే, అది గట్టిపడాలి.

గట్టిపడుతుంది కూడా. పూత వేసేటప్పుడు అది అక్రిలేట్ అనే జిగురు ద్రవం. అందులో నూటికి కొన్ని పాళ్లు మాత్రం ఫోటోఇనీషియేటర్ అనే పదార్థం కలుపుతారు. పేరులోనే ఉంది, వెలుతురుతో పని మొదలుపెట్టేది అని. అతినీలలోహిత కాంతి పడగానే దాని అణువు రెండుగా విడిపోతుంది. అలా పుట్టిన ముక్కలను ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్కనున్న అక్రిలేట్ అణువు చేయి పట్టుకుంటాయి. అది ఇంకోదాని చేయి, అది మరోదానిది. ఇలా గొలుసులు పెరుగుతాయి, గొలుసుకూ గొలుసుకూ మధ్య అడ్డుబంధాలు పడతాయి. విడి దారాలు జారిపోతాయి కానీ, ముడులు వేసి అల్లిన వల జారదు కదా! ద్రవం కాస్తా వల అవుతుంది. పుచ్చిన పంటికి డాక్టరు గారు సిమెంటు లాంటిది పెట్టి నీలి దీపం చూపిస్తారే, అక్కడ జరిగేదీ ఇదే.

ఇక్కడ శత్రువు ఒకటుంది. ఆక్సిజన్! మన ప్రాణవాయువే. అది మధ్యలో దూరి రాడికల్స్‌ను తన వైపు లాక్కుంటే గొలుసు ఆగి, పూత పైభాగం జిగటగానే ఉండిపోతుంది. అందుకని పూత గట్టిపడే చోట నైట్రోజన్ నింపి ఆక్సిజన్‌ను దూరం పెడతారు.

పిల్లలూ, ఈ తీగ చెప్పే సాక్ష్యం ఇది. బంధం బిగియడానికి ఎన్నాళ్లు పట్టిందన్నది లెక్క కాదు. మొదలుపెట్టేవాడు ఉన్నాడా, వెలుతురు పడిందా, మధ్యలో అడ్డు దూరిందా అన్నదే లెక్క. కొత్త క్లాసులో అందరూ అవతలివాడే ముందు పలకరిస్తాడని ఎదురుచూస్తే ద్రవం ద్రవంగానే ఉంటుంది. నలభై మందిలో ఒక్కరు ముందుకొచ్చి “నీదే ఊరు?” అంటే చాలు. భోజనం గంటలో చేతిలో ఫోను ఉంటే మాత్రం, ఆక్సిజన్ చేసిన పనే అదీ చేస్తుంది.

తెలుగు సంగతీ అంతే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఈ ద్వీపాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బజారులో కూరగాయలమ్మే పెద్దమ్మను ఒక్కసారి తెలుగులో ధర అడిగి చూడండి. ఆ ముఖంలో వెలుతురు చూశాక “ఈ ఊళ్లో తెలుగుతో ఏం పని” అని మళ్లీ అడగరు.

అయితే ఒక్క చోట ఈ పోలిక చెల్లదు. అడ్డుబంధాలు పడిన పూత మళ్లీ కరిగి ద్రవం కాదు. మనుషుల బంధం అలా కాదు, పలకరింపు లేకపోతే పలచబడుతుంది. కాబట్టి ముడి వేయడం ఎంత ముఖ్యమో, వేసిన ముడిని చూసుకోవడమూ అంతే ముఖ్యం. దానికే కదా సముద్రం అడుగున ఆ తీగ! రీల్స్ చూడటానికి దాన్ని రోజూ వాడుతున్నాం. వారానికి ఒక్కసారైనా ఊళ్లో ఉన్న అమ్మమ్మతోనో, పాత బడిలో వదిలి వచ్చిన స్నేహితుడితోనో తెలుగులో మాట్లాడటానికి వాడండి. అవతలి నుంచి ఫోను రాలేదని అలగకండి. మొదలుపెట్టే పని మీరే తీసుకోండి.