నక్షత్రాలు చూసి బిడ్డను అప్పగించవచ్చునా?

మా మేనకోడలు నార్త్ కరోలినాలో ఉంటుంది. ప్రసూతి సెలవు ముగియవచ్చింది. నాలుగు నెలల పిల్లవాణ్ణి ఎవరి చేతిలో పెట్టి ఉద్యోగానికి పోవాలో తేలక మొన్న ఫోను చేసింది. రెండు శిశుకేంద్రాలు చూసిందట. ఒకటి ఐదు నక్షత్రాలది, ఇంటికి దూరం. రెండవది మూడు నక్షత్రాలది, నాలుగు అడుగుల్లో ఉంది. "ఏది మంచిదంటావు అత్తయ్యా?" అంది. బంటుమిల్లిలో కూర్చున్నదాన్ని, నేనేమి చెప్పేది! అయినా అడిగింది కదా అని ఆ నక్షత్రాల సంగతి కొంత చదివాను.

శిశుకేంద్రాలకు నక్షత్రాలిచ్చే పద్ధతిని అమెరికాలో మొదట ఓక్లహోమా 1998లో ప్రారంభించింది. నార్త్ కరోలినా 2000 నుండి ఆ నక్షత్రాలను లైసెన్సులోనే చేర్చింది. ఒక నక్షత్రమంటే చట్టం అడిగే కనీసపు షరతులు నెరవేరాయని అర్థం, అంతే. ఆపైవి కావాలంటే కేంద్రం తానుగా కోరి పరీక్షకు నిలబడాలి. అక్కడ చాలా ఏళ్ళు నడిచిన లెక్కలో మొత్తం 15 మార్కులు: సిబ్బంది చదువుకు 7, కేంద్రం నడిచే తీరుకు 7, మరొకటి అదనం. 13 గాని అంతకు మించి గాని వస్తే ఐదు నక్షత్రాలు. మతసంస్థలు నడిపే కేంద్రాలకు నక్షత్రాలు తప్పనిసరి కాదు. కనుక నక్షత్రం లేనంత మాత్రాన చెడ్డదని కాదు, మూడే ఉన్నాయంటే పిల్లలను సరిగా చూడరనీ కాదు. చదువు మార్కులు ఒకటి రెండు తగ్గినా నక్షత్రం రాలుతుంది. పట్టా ఉన్న మనిషే మన బిడ్డను ఎత్తుకుంటుందని హామీ ఏమీ లేదు.

మన తెలుగువాళ్ళకు అంకె కనబడితే చాలు, చెయ్యెత్తి మొక్కుతాం. ఫలితాల రోజుల్లో టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ర్యాంకుల దండకం చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఆ ర్యాంకు వచ్చిన పిల్లవాడి పక్క బెంచీలో కూర్చున్నవాడి గతి ఏమైందని ఎవరూ అడగరు.

ఇంగ్లండులో ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ చాలా కాలం మొత్తం కేంద్రానికి ఒకే మాటలో తీర్పు చెప్పేది. 'అత్యుత్తమం' నుండి 'పనికిరాదు' దాకా నాలుగే మెట్లు. ఆ ఒంటిమాట తీర్పును 2024 సెప్టెంబరులో ప్రభుత్వ పాఠశాలలకు ఎత్తివేశారు. 2025 నవంబరు నుండి శిశుకేంద్రాలకు కూడా అంశాల వారీగా నివేదిక ఇస్తున్నారు. ఒక్క మాటలో ఒక ఇల్లు ఇమడదని తెలుసుకోవడానికి వారికి అన్నేళ్ళు పట్టింది.

అలాగని తనిఖీయే వద్దనే పక్షం కాదు నాది. నా కొడుకు మూడేళ్ళవాడుగా ఉన్నప్పుడు దగ్గర పట్నంలో ఒక పిల్లల బడిలో వదిలేదాన్ని. ప్రభుత్వ గుర్తింపు పత్రం అద్దాల చట్రంలో గుమ్మానికి ఎదురుగానే వేలాడేది. దాన్ని చూసే చేర్చాను. ఒకరోజు వాయుగుండం అన్నారని మధ్యాహ్నమే పరుగెత్తుకు వెళితే, నలభైమంది పిల్లలకు ఒక్క ఆయా. మావాడు తడిసిన నిక్కరుతో చాప లేని గచ్చు మీద నిద్రపోతున్నాడు. నన్ను చూసి ఏడవలేదు. ఏడిచినా ఎవరూ రారని అప్పటికే నేర్చుకున్నాడని తర్వాత అర్థమైంది. పత్రం మాత్రం గోడ మీద చెక్కుచెదరకుండా ఉంది. బాలల హక్కుల జాతీయ కమిషన్ ప్రైవేటు ఆటబడులకు ఇచ్చిన మార్గదర్శకాలలో ఇరవైమంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని ఉంది. ఆ లెక్క నాకు ఆనాడు తెలిసి ఉంటే పత్రాన్ని వదిలి తలలు లెక్కపెట్టేదాన్ని.

ఇక మా ఊరి తల్లులకు ఎంచుకునేందుకు ఏముంది? ఊడ్పులకో, రొయ్యల చెరువుల పనికో పోయే మనిషికి ఉన్నది అంగన్‌వాడీ ఒక్కటే. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకంలో బడి మూడేళ్ళు నిండినవారికే. అంతకంటే చిన్నవాళ్ళకు బాలామృతం పొట్లం ఇంటికిస్తారు, బిడ్డను మాత్రం ఉంచుకోరు. అంగన్‌వాడీలలోనే ఆరునెలల పిల్లల నుండి చూసుకునే 'పాల్నా' శిశుగృహాలు 2022లో మిషన్ శక్తి కింద వచ్చాయి గాని, మా చుట్టుపక్కల తల్లులు ఇప్పటికీ చంటివాణ్ణి ముసలమ్మకో, ఏడేళ్ళ అక్కకో అప్పగించి పొలానికి పోవడమే నేను చూస్తున్నాను.

తనిఖీ లేదా అంటే ఉంది. సూపర్‌వైజరు వస్తుంది, రిజిస్టర్లు చూస్తుంది. 2021 నుండి పిల్లల బరువులు, హాజరు పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్‌లోకి ఎక్కుతున్నాయి. అదంతా పైకి పోతుంది. ఏ కేంద్రంలో ఏమి లోపం కనిపించిందో ఆ వీధి తల్లికి చెప్పే మనిషి లేదు. ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు కదా, తనిఖీ నివేదికతో పనేమిటంటారు కొందరు. తెలిసినందువల్లనే నోరు విప్పం. ఆయా మనకు వరసకు వదిన అవుతుంది, టీచరు భర్త మన వాటా చెరువుకు కాపలా. ముఖం చూసి చెప్పలేని మాటను బయటివాడు రాసి పెట్టాలి.

మాకు నక్షత్రాలు అక్కరలేదు. కేంద్రం గోడ మీద నల్లరంగుతో నాలుగు ముక్కలు చాలు: పిల్లలు ఎందరు, చూసేవాళ్ళు ఎందరు, చివరి తనిఖీ ఏ తేదీన జరిగింది, ఆనాడు ఏమి లోపం కనబడింది, అది దిద్దారా లేదా. డబ్బా రంగు ఖర్చు.

మేనకోడలికి ఇంతే చెప్పాను. ఒక నక్షత్రం మీద ఏళ్ళ తరబడి ఆగిపోయినదైతే వదిలెయ్. మూడుకూ ఐదుకూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో మార్కులు విప్పి చూడు. మీ రాష్ట్రంలో ఏడాది లోపు పిల్లలకు ఐదుగురికి ఒకరుండాలని చట్టం, వెళ్ళి లెక్కపెట్టు. చూసుకునే మనిషి ఎన్నాళ్ళ నుండి అక్కడ ఉందో అడుగు. చెప్పకుండా సాయంత్రం నాలుగింటికి వెళ్ళు, పొద్దున్న అందరూ నవ్వుతూనే ఉంటారు.

నిన్న మళ్ళీ ఫోను చేసింది. దగ్గరదానికి వెళ్ళిందట. పసిపిల్లల గదిలో ఉన్నామె తొమ్మిదేళ్ళుగా అక్కడే పనిచేస్తోందట, డిగ్రీ లేదట. దూరపుదానికి రేపు వెళుతుంది, నాలుగింటికి.