లారీకి ఉన్న దారి బైకుకేదీ?

హ్యాండిల్‌ని ఎడమకి చివరిదాకా తిప్పగానే ఇంజను దానంతటదే రేజ్ అయింది. యాక్సిలరేటర్ మీద ఎవరి చెయ్యీ లేదు. మా అక్క కొడుకు కంగారుగా తాళం కట్టేశాడు. మళ్లీ స్టార్ట్ చేశాం, మళ్లీ తిప్పాం, మళ్లీ అదే. కుడికి తిప్పితే మామూలుగా ఉంటోంది, ఎడమకి తిప్పితే అరుస్తోంది. పావుగంట వెతికితే గానీ సంగతి తెలియలేదు. హ్యాండిల్‌ని నాలుగంగుళాలు పైకి లేపాం, కేబుల్ మాత్రం పాత పొడవుదే ఉంచాం. ఎడమకి తిరిగే కొద్దీ అది బిగిసి, లోపల గాలి తలుపుని లాగేస్తోంది. ఇదే యూటర్న్ మధ్యలో, ఎదురుగా బస్సు వస్తుండగా జరిగి ఉంటే ఏమయ్యేది? ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

విజయవాడ పటమటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఒకటుంది. అందులో ఆరు నెలలుగా ఒక యమహా ఆర్15 ఉంది, మొదటి తరం బండి. 2008లో ఈ మోడల్ వచ్చినప్పుడు 149 సీసీలో నీళ్లతో చల్లబడే ఇంజను, ముందంతా కప్పేసే ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు మన కుర్రాళ్లకి కొత్త. మావాడు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వానలో జారి పడ్డాడు. దేవుడి దయవల్ల మోచేతికి దెబ్బతో పోయింది. బండికి ఫెయిరింగ్ మొత్తం ముక్కలైంది, హెడ్‌లైటు పగిలింది, ఇంజనుకి మాత్రం గీత కూడా పడలేదు. కొత్త ప్లాస్టిక్, దాని బ్రాకెట్లు, లైటు, స్టిక్కర్లు అన్నీ కలిపి ఎంతవుతుందో కనుక్కుంటే, బండి అమ్మితే వచ్చే దాంట్లో సగం పైగా తేలింది.

"మామయ్యా, అసలా ప్లాస్టిక్ లేకుండానే నడుపుకోకూడదా?" అన్నాడు.

వాడికి తెలియదు గానీ, నలభై ఏళ్ల కిందట బ్రిటన్ కుర్రాళ్లు వేసుకున్న ప్రశ్న అచ్చంగా అదే. 1985లో సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్750, మరుసటి ఏడాది ఆర్1100 వచ్చాయి. పందెపు బండిని నేరుగా రోడ్డు మీదికి తెచ్చినట్టుండేవి. అవి పడ్డప్పుడు ఇంజనుకి ఏమీ కాకపోయినా, ప్లాస్టిక్ ఖర్చు చూసి బీమా వాళ్లు బండి మొత్తాన్నే లెక్కలోంచి కొట్టేసేవారు. అలాంటివి చవగ్గా కొనుక్కుని, పగిలిన తొడుగు పీకేసి, వంగి పట్టుకునే హ్యాండిల్ స్థానంలో వెడల్పాటి ఎత్తు హ్యాండిల్ బిగించి, దొరికిన గుండ్రటి లైట్లు రెండు పెట్టి, తోక కత్తిరించి నడిపారు. ఆ సుజుకీలకి గాలి, ఆయిలే చల్లదనం. రేడియేటరూ గొట్టాలూ లేవు కాబట్టి విప్పేసినా ఇంజను చూడముచ్చటగా ఉండేది. ఆ బళ్లకే స్ట్రీట్‌ఫైటర్ అన్న పేరు స్థిరపడింది. ఫ్యాషన్ కోసం పుట్టలేదవి. చేతిలో డబ్బులేని పనిమంతులు గ్యారేజీల్లో కట్టుకున్న బళ్లు.

కంపెనీలు ఆ తర్వాత కళ్లు తెరిచాయి. డుకాటీలో మిగెల్ గలూజీ, కంపెనీలో అప్పటికే ఉన్న ఫ్రేమునీ ఇంజనునీ కలిపి గీసిన మాన్‌స్టర్ 1993లో అమ్మకానికొచ్చింది. ట్రయంఫ్ 1997లో స్పీడ్ ట్రిపుల్‌కి రెండు గుండ్రటి లైట్లు పెట్టి, గ్యారేజీ కుర్రాళ్ల రూపాన్నే షోరూములో నిలబెట్టింది. మన దేశంలో యమహా ఎఫ్‌జెడ్16, 2012లో డ్యూక్ 200, అదే ఏడాది పల్సర్ 200ఎన్ఎస్ ఆ వరసలోవే. ఇవాళ కాలేజీ ముందు ఆగి ఉన్న తొడుగు లేని ప్రతి నేకెడ్ బండి వెనకా పేరు తెలియని ఒక పాత గ్యారేజీ ఉంది.

తొడుగు విప్పడం ఒక్క పూట పని. ఆ మర్నాటి నుంచే అసలు పని. ప్లాస్టిక్ వెనక కంపెనీవాడు ఏమేం దాచాడో అప్పుడు బయటపడుతుంది. గుప్పెళ్లకొద్దీ వైర్లు, రిలేలు, కూలెంట్ డబ్బా, హారన్. ఫెయిరింగ్ ఉన్నప్పుడు రేడియేటర్‌కి రాళ్ల భయం తక్కువ, ఇప్పుడు దానికి జాలీ కావాలి. ఇన్నాళ్లూ ఛాసిస్‌కి అతుక్కుని ఉన్న లైటు ఇప్పుడు హ్యాండిల్‌తో పాటు తిరగాలి. వైర్ల కట్ట కూడా దానితో తిరగాలి, ఎక్కడా నలగకూడదు. మావాడు ఒక్కో వైరుకీ తెల్ల టేపు చుట్టి బాల్‌పెన్నుతో పేరు రాశాడు. పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులు కుదురుగా కూర్చుని వాడు పుస్తకం చదవడం నేనెప్పుడూ చూడలేదు.

ముందుగా బండిని ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రంగు గురించి గానీ రూపం గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. ముందు షాకప్‌లు విప్పించి, రాడ్లని మందపాటి గాజుపలక మీద పెట్టి అరచేత్తో మెల్లగా దొర్లించాడు. రాడ్డుకీ గాజుకీ మధ్య సందులోంచి వెలుగు కనిపిస్తోందా అని తలవంచి చూశాడు. రెండోది దొర్లుతూ ఒకచోట వెంట్రుకవాసి ఎగిరింది. "ఇది వంగింది. దీంతో బండి కట్టి లాభం లేదు, మార్చండి" అన్నాడు. తర్వాత వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగి కట్టి, రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయని తేలాకే ఛాసిస్ బాగుందన్నాడు.

ఎత్తు హ్యాండిల్ కోసం, రాడ్లని పైన పట్టి ఉంచే టీకి క్లాంపులు వెల్డింగ్ పెట్టమని మావాడు అడిగాడు. ఎవరో స్నేహితుడు చెప్పాట్ట. మేస్త్రి పానా కింద పెట్టాడు. "స్టీరింగ్‌కి నేను వెల్డింగ్ పెట్టను బాబూ. అది విరిగితే నీ చేతిలో హ్యాండిల్ ఉంటది గానీ దాని కింద బండి ఉండదు" అన్నాడు. వారం తర్వాత లేత్ మీద తీసిన అల్యూమినియం క్లాంపులు, వాటికి హై టెన్సైల్ బోల్టులు ఇచ్చాడు. ఆయన తీసుకున్న డబ్బుకి నాలుగింతలు విలువైన మాట అది.

బ్రేకులది ఇంకో కథ. హ్యాండిల్ ఎత్తు పెరిగితే కేబులొక్కటే కాదు, బ్రేక్ గొట్టం కూడా చాలదు. స్టీలు అల్లిక ఉన్న పొడవాటి గొట్టం వేయించాం. కొత్త ఆయిల్ పోశాక లోపలి గాలంతా బయటికి రావాలి. ఒకరు లివర్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద నిప్పుల్ పావు చుట్టు వదిలి, బుడగ రాగానే బిగించాలి, ఆ తర్వాతే పైవాడు లివర్ వదలాలి. అరగంట దాకా లివర్ మెత్తగా, తడిపిన గుడ్డలా ఉంది. ఉన్నట్టుండి ఒక నొక్కుకి రాయిలా గట్టిపడింది. వాడి మొహంలో వెలుగు చూడాలి! ఆ సంతోషంలో గమనించలేదు, ఆయిల్ చుక్క ఒకటి కొత్తగా రంగేసిన ట్యాంకు మీద పడింది. తెల్లారేసరికి అక్కడి రంగు మీగడలా ముడతలు పడి లేచిపోయింది. మళ్లీ లప్పం, మళ్లీ ఎమరీ కాగితం, మళ్లీ రంగు.

మా కాలనీ వెనక ఇళ్లు కట్టని ఖాళీ లేఅవుట్ ఒకటుంది. దాని యజమానిని అడిగి, హెల్మెట్ పెట్టుకుని, బండిని అక్కడే పరీక్షించాడు. తిన్నగా ఆగుతోంది. ఏ వైపు తిప్పినా ఇంజను ఒకే గొంతుతో ఉంటోంది. సైలెన్సర్ కంపెనీదే. దాన్ని ముట్టుకోవద్దన్నది మా ఇంట్లో మొదటి షరతు.

సైలెన్సర్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడొకటి చెప్పాలి. లోపలి గొట్టం పీకేసి అర్ధరాత్రి ఆస్పత్రి వీధిలో తుపాకీ పేలుళ్లలా శబ్దం చేసేవాళ్లనీ, నంబర్ ప్లేటు మడిచేవాళ్లనీ, అద్దాలు, మడ్‌గార్డులు పీకేసి అదే మోడిఫికేషన్ అనుకునేవాళ్లనీ నేను సమర్థించను. 80 నుంచి 175 సీసీ వరకు బండికి 77 డెసిబెల్స్, ఆపైన 80 డెసిబెల్స్ అని కంపెనీలకి పరిమితి పెట్టింది జనం చెవుల కోసమే. మన నగరాల్లో పోలీసులు అలాంటి సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కిస్తున్నారు, మంచి పని చేస్తున్నారు.

అయితే చట్టం దృష్టిలో ఆ బండీ మా షెడ్డులో బండీ ఒకటే. నా బాధంతా అక్కడే. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలోని వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటకి ఉన్న అర్థాన్ని ఖాయం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కోర్టు తప్పు చేసిందని నేను అనను. చట్టంలో ఉన్నదే చెప్పింది. ఎవడో దారిన పోయేవాడు అతికించిన స్టీరింగ్‌తో బండి రోడ్డెక్కితే చచ్చేది వాడొక్కడే కాదు, ఎదురొచ్చేవాడు కూడా. ఆ భయం న్యాయమైనదే.

మేం ఒక రవాణా కార్యాలయానికి వెళ్లి అడిగాం. అధికారి మంచాయన, ఫొటోలన్నీ ఓపిగ్గా చూశాడు. "పని శుభ్రంగా ఉంది. కానీ కంపెనీ స్పెసిఫికేషన్‌లో లేనిదానికి నేనెలా సంతకం పెడతాను బాబూ?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

కానీ అక్కడి నుంచి తిరిగొస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లారీ ఛాసిస్ ఎదురైంది. మీరూ ఎన్నోసార్లు చూసే ఉంటారు. తలుపుల్లేవు, క్యాబిన్ లేదు, వెనక తొట్టి లేదు. తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు, ఎండకీ దుమ్ముకీ ఎదురొడ్డి, ఒట్టి ఇనప దూలాల్ని ఆటోనగర్‌కి నడుపుకెళుతున్నాడు. 1966 నుంచీ ఆ ఆటోనగర్ ఉంది. అక్కడ వడ్రంగి, వెల్డరు, టింకరు, పెయింటరు కలిసి ఆ ఇనుముకి క్యాబిన్ కడతారు, తొట్టి కడతారు, నెమలి బొమ్మలు వేస్తారు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ చూస్తాడు, నంబరు వస్తుంది. లారీ బాడీలకి ఏఐఎస్-093 అనీ, బస్సు బాడీలకి ఏఐఎస్-052 అనీ రాసిపెట్టిన ప్రమాణాలున్నాయి. ముప్పై టన్నులు మోసే బండి మీద మన మేస్త్రి చేతిపనిని నమ్మే పద్ధతి ఈ దేశంలో ఉంది. దివ్యాంగుల కోసం స్కూటరుని మార్చుకోవడానికీ చట్టం దారి ఇచ్చింది. ఇంట్లో కట్టిన బైకు దగ్గరికొచ్చేసరికే తలుపు మూసి ఉంది.

జర్మనీలో హ్యాండిల్ మార్చినా, షాకప్ మార్చినా, టీయూవీ లాంటి తనిఖీ సంస్థ ఇంజనీరు చూసి, బాగుంటే ఆ మార్పుని బండి కాగితాల్లోకి ఎక్కిస్తారు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి పాయింట్ల లెక్క నడిచింది. అసలు ఫ్రేము మార్పు లేకుండా ఉంటే 5, ముందూ వెనకా సస్పెన్షన్‌కి 2, ఇంజనుకి 1, ఇలా మిగతావీ కలిపి 8 రావాల్సి ఉండేది. రాకపోతే, లేదా ఫ్రేమునే కోసి మార్చితే, ఆ ఒక్క బండికే విడిగా పరీక్ష. బ్రేకు, లైటు, శబ్దం, పొగ చూసేవారు. పాసైతే రోడ్డు, లేదంటే మళ్లీ గ్యారేజీ. కొమ్ములు తిరిగిన బండి కదా అని అక్కడెవరూ గుడ్డిగా వదిలేయలేదు, మార్చాడు కదా అని దొంగనీ చేయలేదు.

మనకీ అలాంటి తలుపు ఒకటి కావాలి. ఫ్రేము నంబరు, ఇంజను నంబరు కంపెనీవే ఉండాలి. బ్రేకు కొలిచి చూడాలి, హ్యాండిల్ బిగింపు చూడాలి, శబ్దం మీటరు పెట్టాలి, ఫీజు కట్టించుకోవాలి. ఫ్రేముని కోసిన బండి పరీక్షకే రాకూడదన్నా నాకు అభ్యంతరం లేదు. వేల మంది పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు మోటార్ మెకానిక్ పాఠాలు బోర్డు మీద చదువుతున్న రాష్ట్రాలివి. ఒక బండిని విప్పి మళ్లీ నిలబెట్టి, అధికారి ముందు నిలబడి ప్రతి బోల్టుకీ జవాబు చెప్పగలిగినవాడికి అంతకు మించిన ప్రాక్టికల్ పరీక్ష ఏముంటుంది? ఇప్పుడున్న పద్ధతిలో శ్రద్ధగా కట్టినవాడు భయపడి షెడ్డులో దాచుకుంటున్నాడు, సైలెన్సర్ పీకినవాడు రాత్రిపూట తిరుగుతున్నాడు.

బండి ఇంకా షెడ్డులోనే ఉంది. విప్పిన పాత హ్యాండిళ్లు, బ్రాకెట్లు గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాం. ఆదివారం పొద్దున్నే మావాడు పది నిమిషాలు ఇంజను వేడిచేసి, మళ్లీ దుప్పటి కప్పేస్తాడు. రవాణా శాఖలో బాధ్యత గల అధికారి ఎవరైనా ఇది చదివితే, ఏదో ఒక ఆదివారం వచ్చి ఆ బండిని తనిఖీ చేయమని వేడుకుంటున్నాను. ఏ భాగాన్ని ఎందుకు మార్చామో, ఏ రోజు ఎవరు బిగించారో రాసుకున్న నోటుపుస్తకం ట్యాంకు మీదే ఉంటుంది.