కథ చెప్పే నోరెవరిది?

ఇంట్లో పిల్లలిద్దరూ కొట్టుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తుకొస్తారు. పెద్దాడు చెప్పింది వింటే తప్పంతా చిన్నాడిదే. చిన్నాడు చెప్పింది వింటే పెద్దాడు వట్టి రాక్షసుడు! గొడవ ఒక్కటే... చెప్పే నోరే వేరు.

కథల్లోనూ అంతే. ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని చూసి పళ్లు కొరకాలో తానే తేల్చుకున్నాననుకుంటాడు పాఠకుడు. నిజానికి కథకుడు అతణ్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాడో దాన్నిబట్టే సగం తీర్పు అయిపోతుంది. పాత వరంగల్ జిల్లాలోని మూడు కథలు ఆ కిటుకు చెబుతాయి.

జనగామ ప్రాంతం ఒగ్గుకథకు పెట్టింది పేరు. 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్యది అక్కడి మాణిక్యాపురమే. ఒగ్గు కళాకారుడు డోలు దరువు మధ్య కథ చెబుతూ చెబుతూనే తానే పాత్రయిపోతాడు. ఎల్లమ్మ కథనే తీసుకోండి. తండ్రి వైపు నుంచి చూస్తే పరశురాముడు మాట జవదాటని కొడుకు. అదే ఘట్టంలో కళాకారుడు తల్లి గొంతు అందుకున్నాడా... ఆ కొడుకు చేతిలో గొడ్డలి తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇక మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు. దాశరథి రంగాచార్య 1928లో పుట్టింది ఇక్కడే. నిజాం కాలపు దొరతనాన్ని దగ్గర్నుంచి ఎరిగిన మనిషి. అయినా ‘చిల్లర దేవుళ్లు’ నవలలో పాఠకుణ్ని గడీలోకి తీసుకెళ్లేది ఊరివాడు కాదు, పొట్ట చేతపట్టుకుని ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన సంగీతం మాస్టారు పాణి. ఎందుకలా? వెట్టిచాకిరీ ఊరివాళ్లకు రోజూ ఉండేదే. దొర కేకేస్తే ఎందుకు పరుగెత్తాలని అక్కడ ఎవరూ అడగరు. కొత్తవాడికి మాత్రం అడుగడుగునా గుండె ఝల్లుమంటుంది. ఆ ఉలికిపాటే పాఠకుడిదీ అవుతుంది. దొర పక్కన కూర్చుని మొదలుపెట్టి ఉంటే, ఆయనా ఉదారంగా సంగీతాన్ని పోషించే పెద్దమనిషిలాగే కనిపించేవాడేమో!

భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ల శిల్పాలు చూసినవాళ్లు కాకతీయులకు చేతులెత్తి మొక్కుతారు. 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లును కోల్పోయిన ప్రతాపరుద్రుడి మీద జాలీ కలుగుతుంది. అక్కణ్నుంచి మేడారం వెళ్లండి. 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరు 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. అక్కడి గాథలో అదే రాజు, కరువులో కప్పం కట్టలేని కోయల మీదికి సైన్యాన్ని పంపిన పాలకుడు. కథ నడిచేది సమ్మక్క, సారలమ్మల వైపు నుంచి. జంపన్న నేలకొరిగిన వాగుకు ఇప్పటికీ అతని పేరే. యుద్ధం గెలిచింది రాజు... రెండేళ్లకోసారి జాతర మాత్రం ఆ తల్లులకు!

రాజు మారలేదు, కొడుకూ మారలేదు. చూసే చోటు మారిందంతే. అందుకే టీవీ సీరియల్లో అత్తగారిని చూసి పళ్లు నూరేటప్పుడు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఇంటి కథ ఆవిడ చెబితే ఎలా ఉండేది? కోడలు గయ్యాళి అయితే, ఆ ముక్క చెప్పిందెవరు?

పిల్లల గొడవలో తెలివైన అమ్మ చేసేది అదే. మొదట వచ్చి ఏడ్చినవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది, రెండోవాణ్నీ పిలుస్తుంది. ఇద్దరూ చెప్పాకే నోరు విప్పుతుంది.