శక్తి మాత్రల కంటే ముందు శ్వాస

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. రెండేళ్లకు, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా గుర్తించిన ఏటీపీని ఆ ఇద్దరూ కనుగొన్నారు. ఏటీపీ కణాలు ఖర్చు పెట్టుకునే చిల్లర అయితే, దాన్ని ఎక్కువగా ముద్రించే టంకశాల మైటోకాండ్రియా. వెన్నుపాము నుంచి పాదం దాకా మీటరు పొడవున సాగే మోటార్ నాడీకణానికి ఈ టంకశాలలు దారి పొడవునా కావాలి. ఈ కణాలు క్రమంగా చనిపోయే మోటార్ న్యూరాన్ వ్యాధిలో ఆ టంకశాలలు దెబ్బతిన్న ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ జబ్బుకు ఒక కారణంగా 1993లో బయటపడ్డ ఎస్ఓడీ1 జన్యులోపాన్ని ఎలుకల్లో ప్రవేశపెడితే, కాళ్లు బలహీనపడక ముందే మైటోకాండ్రియాలో బొబ్బలు లేచాయి. మైటోకాండ్రియాలోనే ఉండే ప్రొటీన్‌కు చెందిన సీహెచ్‌సీహెచ్‌డీ10 జన్యువులో లోపం ఉన్నా ఈ జబ్బు రావచ్చని 2014లో తేలింది.

శక్తి తగ్గింది కనుక శక్తిని పోస్తే సరిపోతుందనిపించడం సహజం. ఆ ఆశను శాస్త్రం నిజాయితీగా పరీక్షించింది. క్రియాటిన్ తిన్న ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని 1999లో తేలింది. మనుషులపై జరిపిన పరీక్షల్లో మాత్రం ఫలితం శూన్యం. కోఎంజైమ్ క్యూ10, డెక్స్‌ప్రామిపెక్సోల్ కూడా అలాగే విఫలమయ్యాయి. ఈ జబ్బుకు అమెరికాలో 2022లో అనుమతి పొందిన రెలివ్రియో మందును పెద్ద పరీక్షలో పనిచేయకపోవడంతో 2024లో ఉపసంహరించుకున్నారు. ఎలుకలో ఉన్నది ఒకే జన్యులోపం. రోగుల్లో పదింట తొమ్మిది మందికి కుటుంబ చరిత్రే ఉండదు. రోగ నిర్ధారణ అయ్యేనాటికే ఎన్నో కణాలు పోయి ఉంటాయి. మైటోకాండ్రియా దెబ్బతినడం జబ్బుకు మూలమా, దాని పర్యవసానమా అన్నది రోగికో తీరుగా ఉండవచ్చు. కాబట్టి పరీక్షలో నెగ్గని ‘శక్తి మాత్రల’ను నిస్సహాయ కుటుంబాలకు అంటగట్టడం అన్యాయం.

అయితే రుజువైన సాయం ఒకటుంది: శ్వాస. ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా ఊపిరి కండరాల నీరసమే. మాస్కు ద్వారా శ్వాస అందించే బైపాప్ యంత్రం వాడినప్పుడు, గొంతు కండరాలు మరీ దెబ్బతినని రోగుల ఆయుష్షు మధ్యగతంగా 205 రోజులు పెరిగిందని 2006లో బ్రిటన్ పరీక్ష చూపింది. ఈ జబ్బుకు వాడే రైలుజోల్ మాత్ర అదనంగా ఇచ్చేది రెండు మూడు నెలలు. ఈ లెక్క తెలిసీ మాత్ర రాసిచ్చి ఊపిరిని కొలవకుండా పంపిస్తే వైద్యం సగమే. ఊపిరిని క్రమంగా కొలిచే వైద్యానికి తగిన చోటు ఇప్పటికే ఉంది: కోల్‌కతాలో, జనం పీజీ అని పిలిచే ఎస్ఎస్‌కేఎం ఆస్పత్రికి అనుబంధంగా బంగూర్ న్యూరాలజీ సంస్థ ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఆ ఆస్పత్రి విద్యాసంస్థ ఒక విశిష్ట కేంద్రం కూడా. ఖరగ్‌పూర్ రైల్వే తెలుగు కుటుంబాలకైనా, బిహార్ పల్లెకైనా ఇది అందే దూరం. నాడీ వైద్యుడు, ఊపిరితిత్తుల వైద్యుడు, ఆహార నిపుణుడు, మాట నేర్పే చికిత్సకుడు ఒకే రోజు ఒకేచోట చూసే క్లినిక్ ఇలాంటి చోటే నడవాలి. మూడు నెలలకోసారి శ్వాసను కొలవాలి, యంత్రాన్ని అద్దె లేకుండా ఇంటికి పంపాలి.

ఇది బాధను పొడిగించడమేనని కొందరంటారు. గొంతు బాగా దెబ్బతిన్న రోగుల్లో ఆయుష్షు పెరగకపోయినా, కొన్ని లక్షణాలు తగ్గి జీవితం కాస్త సులువైందని అదే పరీక్ష చెప్పింది. యంత్రం వద్దనే హక్కు రోగిది. దొరకదని చెప్పే హక్కు మనది కాదు. ఖర్చు సంగతి చూస్తే, ఆస్పత్రిలో చేరితేనే డబ్బిచ్చే బీమా ఇంట్లో మంచం పక్కనుండే యంత్రానికి అక్కరకు రాదు. చివరి వారాల ఐసీయూ బిల్లుకు మాత్రం కుటుంబాలు ఆస్తులు అమ్ముకుంటాయి. పరిశోధనకు నిధులు తగ్గుతాయన్న భయం కూడా నిలవదు. ఎస్ఓడీ1 లోపమున్న కొద్దిమందికి 2023లో టోఫర్సెన్ అనే మందు అందుబాటులోకి వచ్చింది. అలాంటి మందు ఎవరికి పనికొస్తుందో తేలాలంటే జన్యుపరీక్ష, క్రమం తప్పని నమోదు కావాలి. రోగి ఊపిరిని కొలిచే క్లినిక్కే ఆ నమోదు పుస్తకం. మైటోకాండ్రియా రహస్యం తేలేదాకా బతికుంటేనే కదా, ఆ ఫలం ఆ రోగికి అందేది.