కబేళా ఎవరి బాధ్యత? గరాచర్మ అడిగే ప్రశ్న

పన్నెండో షెడ్యూలులో 18వ అంశం ఏదంటే తడుముకోకుండా "కబేళాల నియంత్రణ" అని రాస్తాం. మరి ఆదివారం మటన్ కొనేటప్పుడు, ఈ మేకను కోసే ముందు పశువైద్యుడు చూశాడా అని ఎప్పుడైనా అడిగామా?

2011 జనాభా లెక్కల్లో గరాచర్మ సెన్సస్ టౌన్. అంటే అప్పటికి లెక్కకు పట్టణం, పాలనకు కాదు. గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయాలన్న 2001 నిబంధన పురపాలక పరిధికి. పంచాయతీల పదకొండో షెడ్యూలు 29 అంశాల్లో కబేళా ఊసే లేదు. 2006 ఆహార భద్రతా చట్టం ఊరూరా వర్తిస్తుంది, నిజమే. కానీ కోసేచోట నిలబడి చూసే మనిషిని ఎవరు పెట్టాలి? ఇలాంటి ఊళ్లన్నీ ఈ సందులోనే పడ్డాయి.

"కబేళా మూస్తే శుభ్రత" అనేవారితో నేను ఏకీభవించను. మూస్తే కోత ఆగదు, పెరట్లోకి మారుతుంది. ఆగేది తనిఖీ ఒక్కటే. కాలేయంలో హైడాటిడ్ తిత్తి, ఊపిరితిత్తుల్లో క్షయ గడ్డ కోసినచోటే బయటపడతాయి, కూరలో కాదు.

ప్రజారోగ్యం రాజ్యం విధి అని 47వ అధికరణం చెబుతోంది. దాన్ని జవాబు పత్రంలో ఉటంకించే ముందు మీ వీధి కొట్లో ఒక్క మాట అడగండి: "అన్నా, తనిఖీ ముద్ర ఎక్కడ?"